పిడికెడు బియ్యం ఎవరి పేరున? వాడలోని చర్చి, ఊళ్లోని పొరుగు, మధ్యలో చట్టం

దళితుడు చర్చి గడప తొక్కితే ఈ దేశం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎంత ఇచ్చారు? బియ్యమా, బట్టలా, పిల్లల చదువా, ఏం చూపించి తీసుకుపోయారు? నూట యాభై ఏళ్లుగా ఈ ప్రశ్న మారలేదు, అడిగే నోళ్లే మారాయి. ఒకప్పుడు ఊరి కరణం, మునసబు అడిగేవాళ్లు. ఇప్పుడు టీవీ చర్చల్లో, చట్టసభల్లో, కోర్టు వాదనల్లో అడుగుతున్నారు. అదే దళితుల చర్చి తన పొరుగున ఉన్న వృద్ధాశ్రమానికి నెలనెలా బియ్యం పంపితే, ఆ బియ్యం ఎవరింటివని ఎవరూ అడగరు. దళితుడంటే పుచ్చుకునేవాడు. మనవాళ్లతో సహా చాలామంది కళ్లు అలా చూడటానికే అలవాటుపడ్డాయి.

ఈ వ్యాసంలో మేము మాట్లాడదలచుకున్నది ఆ ఇచ్చేవాళ్ల గురించి. ఇచ్చి కూడా తమ పేరు చెప్పుకోలేని వాళ్ల గురించి.

పరిశోధన కోసం బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లో తిరుగుతున్నప్పుడు మాదిగపల్లెలోని ఒక చిన్న సంఘం గురించి తెలిసింది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, కారణం కాసేపట్లో అర్థమవుతుంది. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, ఒక మైకు సెట్టు. నలభై ఇళ్ల సంఘం. మగవాళ్లలో ఎక్కువమంది తాపీ పనికీ, ఆటోలు తోలడానికీ పోతారు. ఆడవాళ్లు మిరపకాయ కోతలకూ, పొగాకు గ్రేడింగుకూ వెళతారు. ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక డబ్బా ఉంటుంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తారు. నెల మొదటి ఆదివారం స్త్రీల సమాజం వాళ్లు అన్ని డబ్బాలూ తెచ్చి గుడి ముందు పట్టా మీద పోస్తారు. పిడికెడంటే యాభై గ్రాములు అనుకున్నా, రోజుకు ఒకసారే తీసినా, నలభై ఇళ్లకు నెలకు అరవై కిలోలు. ఒకప్పుడు ఇదంతా పాస్టరు గారి ఇంటికి పోయేది. ఇప్పుడు సగం మండల కేంద్రంలో ఉన్న ఒక వృద్ధాశ్రమానికి వెళుతోంది. ఆ ఆశ్రమానికి ఏ చర్చితోనూ సంబంధం లేదు. రిటైరైన ఒక టీచరు గారి ట్రస్టు దాన్ని నడుపుతోంది.

రేషను బియ్యం పంపాలా, కొన్న బియ్యం పంపాలా అనే దాని మీద స్త్రీల సమాజంలో పెద్ద రగడే నడిచింది. రేషను బియ్యం తినేవాళ్లు రేషను బియ్యమే పెడతారు, అందులో తప్పేముందని కొందరు. మనం నోట్లో పెట్టుకోనిది ఇంకొకరికి పంపకూడదని ఇంకొందరు. చివరికి, ఆ పూట ఇంట్లో ఏవి వండితే వాటిలోంచే పిడికెడు తీయాలని తీర్మానించారు. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉంది. దానధర్మాల మీద మేము చదివిన చాలా సిద్ధాంతాల కంటే ఆ నాలుగు వాక్యాలు సూటిగా ఉన్నాయి.

ఆశ్రమంలో ఉన్న వృద్ధుల్లో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా మిగిలిన పెద్ద కులాలవాళ్లే ఎక్కువ. మొదట్లో ఒకరిద్దరు ఈ బియ్యం ఎక్కడివని ఆరా తీశారట. పల్లె నుంచి వచ్చాయని తెలిశాక పెద్దగా గొడవేమీ కాలేదు. బియ్యమేగా, అన్నం కాదుగా అన్నారట. కులం లెక్కలు తెలిసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. పచ్చి గింజకు అంటు ఉండదు, ఉడికితే వస్తుంది. మాదిగవాడి చెమటతో పండిన వడ్లు ఎప్పుడూ ఊళ్లోకి నేరుగానే పోయాయి, మాదిగ ఇంటి అన్నమే పోలేదు. క్రిస్మస్ రోజు తామే వండి తెచ్చి వడ్డిస్తామని సంఘం వాళ్లు ఒక ఏడాది అడిగారు. సరుకుల రూపంలో ఇవ్వండి, మా వంటమనిషి వండుతుందని జవాబు వచ్చింది. ఇప్పటికీ సరుకులే వెళుతున్నాయి. అయినా ఎందుకు పంపుతున్నారని అడిగితే, ముసలివాళ్ల ఆకలి మీద పంతం ఏమిటండీ అంది సమాజంలో ఒక పెద్దావిడ. ఈ జవాబుతో మేము పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ దాన్ని తీసిపారేయడానికి కూడా మనసు రాలేదు.

ఆశ్రమం వరండాలో దాతల బోర్డు ఉంది. దాని మీద ఒక ఆలయ కమిటీ, లయన్స్ క్లబ్బు, కొన్ని ఎన్నారై కుటుంబాలు. కింద చివరి వరసలో: ఎస్సీ కాలనీ వాసులు. చర్చి పేరు లేదు. ట్రస్టు వాళ్లు వివక్షతో తీసేశారేమో అనుకున్నాం. కాదు. అలా రాయమని అడిగింది సంఘ పెద్దలే. సంఘం కార్యదర్శి కూతురు అప్పుడే డిగ్రీ పూర్తి చేసి గ్రూప్స్‌కు చదువుతోంది. ఇంట్లో అందరికీ ఎస్సీ సర్టిఫికెట్లు ఉన్నాయి. తండ్రి పేరు చర్చి కార్యదర్శిగా బోర్డు మీదో, రసీదు మీదో, పేపర్లో ఫొటో కిందో కనిపిస్తే రేపు ఎవరైనా దాన్ని పట్టుకుని కలెక్టరు ఆఫీసుకు పోతే? ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవారు షెడ్యూల్డ్ కులం కిందకు రారని అది చెబుతుంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ మినహాయింపు ఇచ్చారు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వలేదు. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆదిద్రావిడ క్రైస్తవుడి కేసు 1985లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు ఆయనకు దక్కలేదు. పని అదే, కులం అదే, కూర్చున్న పేవ్‌మెంటు కూడా అదే. మతం మారాక కులం కొనసాగుతుందని చూపితే చాలదు, ఆ కులం వల్ల వచ్చే వెనుకబాటు కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉందని రుజువు చేయాలంది కోర్టు. ఆ రుజువు భారం ఇప్పటికీ దళిత క్రైస్తవుల నెత్తి మీదే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. 1977లో వచ్చిన జీవో 341 వాళ్లకు కొన్ని ఆర్థిక రాయితీలు ఇచ్చింది. అట్రాసిటీ చట్టం రక్షణ మాత్రం అందులో లేదు.

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ భయానికి కొత్త పదును పెట్టింది. గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పాస్టరు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టారు. ఆయన చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉంది, దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. అయినా ఏళ్లుగా పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి క్రైస్తవుడే కాబట్టి ఆ చట్టం వర్తించదని చెప్పి కోర్టు కేసును కొట్టేసింది. తిట్టినవాళ్లు ఆయన మతం చూసి తిట్టారా, కులం చూసి తిట్టారా అనే ప్రశ్న చట్టం దగ్గర పక్కకు పోయింది. దానికి కొన్ని నెలల ముందు, 2024 నవంబర్ 26న, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట అంది. ఆచరణలో క్రైస్తవురాలై ఉండి కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని. ఆమె క్రమం తప్పకుండా చర్చికి వెళుతుందన్న విషయాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంది.

ఇప్పుడు ఈ రెండు తీర్పులనూ పల్లెలోని చర్చి వరండాలో కూర్చుని చదవండి. చర్చికి వెళ్లడం సాక్ష్యం. చర్చిలో పదవి ఉండటం ఇంకా గట్టి సాక్ష్యం. అలాంటప్పుడు చర్చి బ్యానరు ముందు నిలబడి దుప్పట్లు పంచుతున్న ఫొటో ఏమవుతుంది? ఒక మంచి పనికి గుర్తుగా తీసిన ఫొటో ఎవరి చేతిలోనైనా ఎగ్జిబిట్ కావచ్చు. ఇది ఊహ కాదు. 2020లో కరోనా సమయంలో రాష్ట్ర ప్రభుత్వం అర్చకులతోపాటు ఇమాములకూ పాస్టర్లకూ ఒకసారి 5,000 రూపాయల సాయం ఇచ్చింది. ఆ లబ్ధిదారుల వివరాలను సమాచార హక్కు చట్టం కింద తీసుకుని, వీళ్లలో ఎంతమందికి ఎస్సీ సర్టిఫికెట్లు ఉన్నాయో చూడండంటూ ఫిర్యాదులు చేసినవాళ్లున్నారు. లాక్‌డౌనులో పొయ్యి వెలగడానికి ఇచ్చిన డబ్బు కుల విచారణకు జాబితాగా మారింది.

జనాభా లెక్కల్లో దీని నీడ స్పష్టంగా కనిపిస్తుంది. 1971లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 4.19 శాతం. 2011 వచ్చేసరికి ఉమ్మడి రాష్ట్రంలో 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో కోస్తా పల్లెల్లో చర్చిలు తగ్గాయని ఎవరైనా అంటారా? కాగితం మీద మనుషులు మాయమవుతుంటే వాళ్ల కానుకల సంచులు, వాళ్ల పిడికెడు బియ్యం, వాళ్ల సేవ కూడా వేరే పేర్ల కింద నమోదవుతాయి. ఎస్సీ కాలనీ వాసులు, ఒక దాత, యువజన సంఘం, మహిళా మండలి. తర్వాత అదే కాగితం చూపించి, ఈ చర్చిలు సమాజానికి ఏం చేశాయని అడుగుతారు.

ఆశ చూపించి మతం మార్చడం అనే ఆరోపణ చరిత్రను కూడా ఇక్కడ తడమాలి. తెలుగు నేల మీద ఆ మాటకు మూలంగా చాలామంది చూపేది 1876-78 కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చచ్చిపోయిన కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. అన్ని కులాలవాళ్లకూ పని దొరికిన ఆ తవ్వకంలో మాదిగలకు మోసం లేకుండా కూలీ అందింది. మన చర్చకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కరువు పని నడిచిన కాలమంతా క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, గంజి కోసం వచ్చారనే మాట రాకూడదని. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి మతమని వెక్కిరించేవాళ్లు ఈ వరసను ఎప్పుడూ చెప్పరు: ముందు గంజి, మధ్యలో విరామం, తర్వాతే నది.

క్లౌను హీరోను చేయడం మా ఉద్దేశం కాదు. మిషన్ రాతల్లో ఆయనే కథానాయకుడు కాబట్టి మనం కూడా అలాగే చదువుతున్నాం. అసలు ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టి ఊరూరా తిప్పింది ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ బోధకులు. తోళ్ల వ్యాపారం కోసం తిరిగిన దారుల్లోనే ఆయన ఈ మాటనూ మోసుకెళ్లాడు. కరువులో ఎవరు ఎవరికి ఇచ్చారో రాసిన లెక్కల్లో మిషన్ డబ్బు కనిపిస్తుంది. ఎవరికి పని కావాలో, ఏ పల్లెలో ఎవరు పడిపోయారో వెతికి చెప్పిన ఆ బోధకుల కాళ్లు కనిపించవు.

పిడికెడు బియ్యం సంగతి కూడా అంతే. దోర్నకల్ డయాసిస్‌లో బిషప్ వి.ఎస్. అజరయ్య కాలానికే ఇది వ్యవస్థగా ఉంది. 1912లో బిషప్ అయిన అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు. ఆయన సంఘంలో అత్యధికులు మాలలు, మాదిగలు. రూపాయి చూడనివాళ్లు రూపాయి ఇవ్వలేరు, బియ్యం ఇవ్వగలరు. ఈశాన్యంలో మిజో చర్చి కూడా దాదాపు అదే కాలంలో పిడికెడు బియ్యంతోనే నిలబడింది. అంటే మన చర్చిలు విదేశీ డబ్బుతో పుట్టి విదేశీ డబ్బుతో బతికాయనే కథ సగమే నిజం. భవనాలకు, ఆసుపత్రులకు, కాలేజీలకు సముద్రం అవతలి డబ్బు వచ్చింది. పల్లె సంఘం రోజువారీ బతుకు మాత్రం పల్లె ఆడవాళ్ల పొయ్యి దగ్గరే గడిచింది.

డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి కథ దీనికి ఇంకో పక్క. 1915లో మెథడిస్టు డాక్టరు ఇసబెల్ కెర్ దాన్ని మొదలుపెట్టారు. దానికి పెద్ద ఎత్తున డబ్బిచ్చిన నిజామాబాదు దాత రాజా నర్సాగౌడ్ క్రైస్తవుడు కాదు. చర్చి సేవకు హిందువు డబ్బిస్తే అది ఉదారత అయింది. హిందూ ట్రస్టు నడిపే ఆశ్రమానికి దళిత చర్చి బియ్యమిస్తే అది పేరు చెప్పుకోలేని పని అయింది. వందేళ్ల తేడాతో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

పొరుగువారికి సేవ అనగానే దుప్పట్లు, బ్రెడ్డు ప్యాకెట్లు గుర్తొస్తాయి. కానీ మన ఉద్యమ చరిత్రలో చర్చి చేసిన అతిపెద్ద సేవ గేటు తెరవడం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగాక, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరినవాళ్లు తలదాచుకున్నది చర్చి ఆవరణలో. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు హేతువాది, బొజ్జా తారకం లాయరు, విప్లవ రాజకీయాల నుంచి వచ్చినవాడు. ఇద్దరిలో ఎవరికీ చర్చితో పని లేదు. కానీ ఆ మైదానం లేకపోతే అంతమంది ఒకచోట కూర్చుని, మాకు నష్టపరిహారం కాదు న్యాయం కావాలని తేల్చుకునే చోటు ఎక్కడుండేది? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపాక బాధితులు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణకు చేరారు. చుండూరులోనే పెట్టించుకున్న ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. తీర్పులు ఎలా పోయినా, పోరాటం నిలబడటానికి మొదటి వారాల్లో కావలసినవి కప్పు, గిన్నెలు, నీళ్లు. అవి ఇచ్చినవాళ్లలో చుట్టుపక్కల పల్లెల సంఘాలున్నాయి. ఆ బియ్యానికి రసీదులు లేవు.

అట్రాసిటీ బాధితులకు గేటు తెరిచిన ఆ చర్చి సభ్యుడికే, అతని మీద దాడి జరిగితే, అట్రాసిటీ చట్టం వర్తించదని ఇప్పుడు కోర్టులు అంటున్నాయి. కారంచేడు లేకపోతే 1989 చట్టం ఆ రూపంలో వచ్చేది కాదని, చుండూరు లేకపోతే దాని అమలు కోసం అంత ఒత్తిడి ఉండేది కాదని మనందరికీ తెలుసు.

విదేశీ డబ్బు విషయానికొస్తే, మేము దాన్ని సమర్థించే పనిలో లేము. ఇరవై ముప్పై ఏళ్లపాటు పల్లె చర్చిని ఒక స్పాన్సర్‌షిప్ ఆఫీసుగా మార్చిన కాలం ఒకటి నడిచింది. పిల్లవాడి ఫొటో, ఇంటి ఫొటో, ఏడాదికి ఒక ఉత్తరం. వాడలోని పేదరికం ఎంత దీనంగా కనిపిస్తే అంత మంచి ఫైలు. ఆ ఫొటోల్లో ఆత్మగౌరవానికి చోటు లేదు. కొన్నిచోట్ల ఆ డబ్బు చుట్టూ చిన్న చిన్న జమీందారీలు పుట్టాయి. అయినా అది ఆగిన తీరు పిల్లల మీద దెబ్బే. స్థానిక చర్చిల ద్వారా దాదాపు 1,45,000 మంది పిల్లలకు సాయం చేసిన కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో దేశంలో పని ముగించుకుంది. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని సవరించి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదన్నారు. పరిపాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. పెద్ద సంస్థల నుంచి అందుకుని వాడల్లో పనిచేసే చిన్న సంస్థల నడుం దీంతోనే విరిగింది. 2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియా రిజిస్ట్రేషన్ రద్దయింది. ఏప్రిల్‌లో రద్దయిన ఐదు సంస్థల్లో కాసా ఒకటి. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టిన సంస్థ అది. 2025లో అనంతపురం ఆర్డీటీ రెన్యువల్ ఆగినప్పుడు, అది చర్చి సంస్థ కాకపోయినా, జనం పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. విన్సెంట్ ఫెర్రర్ ఒకప్పుడు జెసూట్ అన్న సంగతి అక్కడ ఎవరికీ అడ్డు రాలేదు. ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి కళ్ల ముందున్నాయి.

మండల కేంద్రంలోని వృద్ధాశ్రమానికి వెళ్లే అరవై కిలోల్లో సగానికి ఎఫ్‌సీఆర్‌ఏ అక్కర్లేదు. ఆ బియ్యం విదేశీవి కావు. రాజ్యాంగం 26వ అధికరణ మతపరమైన, ధార్మిక ప్రయోజనాల కోసం సంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కును ప్రతి మత శాఖకూ ఇచ్చింది. కొన్ని రాష్ట్రాల మతమార్పిడి నిరోధక చట్టాలు మాత్రం ప్రలోభం అనే మాటను ఎంత విశాలంగా నిర్వచించాయంటే, ఉత్తరప్రదేశ్ 2021 చట్టంలో బహుమతి, ఉద్యోగం, మత సంస్థ నడిపే పేరున్న బడిలో ఉచిత చదువు, మెరుగైన జీవనశైలి కూడా అందులోకి వస్తాయి. బైబిళ్లు ఇవ్వడం, మంచి చెప్పడం, సామూహిక భోజనాలు పెట్టడం ప్రలోభం కాదని 2023లో అలహాబాద్ హైకోర్టే చెప్పాల్సి వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి చట్టం లేదు. కానీ అది వచ్చే దాకా ఆగి, అప్పుడు వాదించడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

చర్చి లోపలి సంగతి దాచుకుంటే ఈ వ్యాసానికి అర్థం ఉండదు. అంబేద్కర్ క్రైస్తవం మీద రాసిన వ్యాసాల్లో ఒక గట్టి ఫిర్యాదు ఉంది. మిషన్లు చదువు మీద, వైద్యం మీద పెట్టిన ఖర్చుతో ఎక్కువ లాభపడింది సవర్ణ హిందువులని, అంటరాని కులాల నుంచి వచ్చిన క్రైస్తవులకు దక్కింది తక్కువని. ఈరోజు పట్టణాల్లో చర్చి పేరున్న ఇంగ్లీషు మీడియం బడుల ఫీజులు చూస్తే ఆ ఫిర్యాదుకు కాలం చెల్లలేదని తెలుస్తుంది. డయాసిస్ స్థలాలు షాపింగ్ కాంప్లెక్సులయ్యాయి, పదవుల కోసం వేసిన కేసులు దశాబ్దాలు నడుస్తున్నాయి. రెడ్డి, కమ్మ క్రైస్తవులున్న చోట శ్మశానం గోడ ఇంకా కులం గోడే. మాల సంఘం, మాదిగ సంఘం ఒకే ఊళ్లో రెండు గంటలు కొట్టుకుంటాయి. 2024 ఆగస్టు 1న వర్గీకరణ తీర్పు వచ్చాక కొన్ని ఊళ్లలో ఆ రెండు సంఘాల క్రిస్మస్ ఊరేగింపులు కూడా విడిపోయాయని విన్నాం. పెద్దింటి ముసలివాళ్లకు బియ్యం పంపగల మనసు పక్క పల్లె గుడి గడప దగ్గర ఎందుకు ఆగుతుందో సంఘాలు తమను తాము అడగాలి.

వండిన అన్నం వద్దన్న ఆశ్రమానికి బియ్యం పంపుతూ పోవడం సేవేనా, లొంగుబాటా అనే ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. మా బృందంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మంచి సమరయుడి కథను చర్చిల్లో ఎప్పుడూ సాయం చేయండనే పాఠంగా చెబుతారు. దళిత వేదాంతులు ఎత్తి చూపేది వేరు: ఆ కథలో దారి పక్కన పడి ఉన్నవాడు అంటరానివాడు కాదు, ఎత్తుకుని తీసుకెళ్లినవాడు అంటరానివాడు. యూదులు నీళ్లు కూడా ముట్టని సమరయ జాతివాడు నూనె పోసి, గాయం కట్టి, సత్రంలో డబ్బు కట్టాడు. ముట్టుకున్నాడు. మాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది. బియ్యం బస్తా గేటు దగ్గర దింపి రావడం ఒకటి, లోపలికి వెళ్లి వడ్డించడం ఇంకొకటి. సంఘం స్త్రీలు రెండోది అడిగారు. జవాబు కాదని వచ్చింది. ఆ కాదనడాన్ని కూడా మినిట్స్ పుస్తకంలో రాసి ఉంచమని మాత్రం మేము చెప్పాం.

1950 ఉత్తర్వు సంగతి తేల్చకుండా ఇవేవీ తేలవు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే షెడ్యూల్డ్ కులం హోదాను మతం నుంచి విడదీయాలంది. ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 2009లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్లీ 2023 మార్చి 24న దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించాయి. 2022 అక్టోబర్‌లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది, రెండేళ్ల గడువు అయిపోతే పొడిగించింది. మతం మారినా కులం, వివక్ష కొనసాగుతున్నాయా అన్నది ఆ కమిషన్ ముందున్న ప్రశ్నల్లో ఒకటి. సూసై కేసులో కోర్టు అడిగిన రుజువు కూడా అదే.

ఆ రుజువు మన పల్లె చర్చిల్లో చెక్క బీరువాల్లో ఉంది. మినిట్స్ పుస్తకాలు, కానుకల లెక్కలు, బాప్తిస్మపు రిజిస్టర్లు, సమాధుల స్థలం కోసం తహసీల్దారుకు పెట్టుకున్న అర్జీల నకళ్లు. మొదటి తరం మినిట్స్ చాలాచోట్ల చెదలు తినేశాయి, పాస్టరు మారినప్పుడల్లా కొన్ని పోతున్నాయి. యూనివర్సిటీల్లో ఉన్న దళిత విద్యార్థులు సెలవుల్లో సొంత ఊరికి వెళ్లినప్పుడు, తాము నమ్మినా నమ్మకపోయినా, సంఘ పెద్దల అనుమతితో ఆ పుస్తకాలను స్కాన్ చేసి పెట్టాలి. పేర్లు బయటకు రాకుండా చూసుకోవాలి. ఎవరు ఎవరికి ఏమిచ్చారో, ఎక్కడ ఇచ్చింది తీసుకున్నారో, ఎక్కడ గేటు దగ్గరే ఆపేశారో తేదీలతో సహా అందులో ఉంది. మేము చూసిన సంఘంలో ఆ పని మొదలైంది. గ్రూప్స్‌కు చదువుతున్న కార్యదర్శి కూతురే రాత్రిపూట ఫోనుతో పేజీలు ఫొటోలు తీస్తోంది.